సగం చేసిన వస్తువుకు ఒక అర
(స్మారక ఉపన్యాస పాఠం)



ఈ గ్రంథాలయాన్ని నడిపిన మాస్టారి పేరు మీద ఉపన్యాసం ఇవ్వమని కమిటీవారు ఇంటికి వచ్చినప్పుడు, నాకు మైకు ముందు మాట్లాడటం రాదు, పనిబల్ల ముందు మాట్లాడటమే వచ్చు అన్నాను. అదే మాట్లాడమన్నారు. కాబట్టి ఈ సాయంత్రం పుస్తకాల గురించి కొంచెం, పనిముట్ల గురించి ఎక్కువగా చెబుతాను. ఈ రెండూ ఒకే కప్పు కింద ఉండాలన్నది నా కోరిక. ఆ కోరిక నాలో పుట్టింది ఈ గదిలోనే.

మన శాఖా గ్రంథాలయంలో మాస్టారి బల్ల కింద ఒక చెక్కపెట్టె ఉండేదని ఇక్కడున్న పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అందులో రెండు స్క్రూడ్రైవర్లు, ఒక పటకారు, ఒక చిన్న ఆకురాయి, చేతిరంపం, ఉలి, సోల్డరింగ్ ఐరన్ ఒకటి. అవి సర్కారు ఇచ్చినవి కావు, ఆయన జీతంలోంచి కొన్నవి. ఎవరికి కావాలన్నా ఇచ్చేవారు. అయితే పుస్తకం ఇచ్చినట్టే ఇచ్చేవారు: ఇష్యూ రిజిస్టరులో వరస నంబరు వేసి, తేదీ రాసి, సంతకం పెట్టించుకుని. రిజిస్టరులో గ్రంథకర్త పేరు రాసే గడి ఒకటి ఉంటుంది కదా. ఉలి ఇచ్చినప్పుడు ఆ గడిలో దాన్ని కాల్చి సాగగొట్టిన మన ఊరి కమ్మరి పేరు రాసేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఆ గడి చూసి, ఈ రచయిత పుస్తకాలు ఏ బీరువాలో ఉన్నాయని అడిగారు. మాస్టారు బల్ల కింది పెట్టె బయటికి లాగి చూపించారు.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మా మేనమామ రేడియో విప్పి, మళ్లీ బిగించలేక, గోనెసంచిలో చుట్టి అటక మీద దాచాను. దొరికితే వీపు విమానం మోత మోగుతుందని భయం. మూడో రోజు ఆ సంచి తెచ్చి మాస్టారి ముందు పెట్టాను. ఆయన కోప్పడలేదు, బాగుచేసి ఇస్తాననీ అనలేదు. ఇనప బీరువాలో అన్నిటికన్నా కింది అర ఖాళీ చేశారు. రేడియో ముక్కలన్నీ ఒక పళ్లెంలో సర్దించి, ఆ పళ్లెం అందులో పెట్టించారు. ఒక అట్టముక్క మీద "పని నడుస్తోంది" అని రాసి తగిలించారు. రేడియో రిపేరు మీద తెలుగులో ఉన్న ఒక పుస్తకం చేతిలో పెట్టారు. నాలుగు నెలలు ఆ పళ్లెం అక్కడే ఉంది. పేపరు చదవడానికి వచ్చిన వాళ్లు అట్టముక్క చూసి, ఏమైందిరా నీ పని అని అడిగేవారు. అడిగిన ప్రతివాడికీ ఎంతవరకు వచ్చిందో చెప్పాల్సి వచ్చేది.

ఆ రేడియోలో నల్లటి ఫెర్రైట్ కడ్డీకి వెంట్రుకంత సన్నటి తీగ చుట్టి ఉంటుంది. ఏరియల్ చుట్ట అది. విప్పేటప్పుడు దాని కొస తెగింది. అతికాను. పలకలేదు. మళ్లీ అతికాను. పలకలేదు. టంకం మెరుస్తోంది, అతుకు చూడటానికి గట్టిగానే ఉంది, లోపల మాత్రం కరెంటు పారడం లేదు. మూడోసారి ఒక మెకానిక్ పేపరు చదువుతూ పక్కకు చూసి, తీగ మీద లక్క గీకావా అన్నాడు. ఆ రాగితీగకు కంటికి కనపడని పూత ఉంటుంది. బ్లేడుతో ఆ పూత గీకి, రాగి ఎర్రగా మెరిసేదాకా తీసి, అప్పుడు టంకం పెట్టాలి. ఇంటికెళ్లి పుస్తకం తీస్తే నలభయ్యో పేజీలోనే ఉంది ఆ మాట. నేను దాన్ని రెండుసార్లు చదివాను కూడా. చేతికి అవసరం పడేదాకా కంటికి ఆనలేదు. పుస్తకం, పనిముట్టు, తెలిసిన మనిషి, ముక్కలు పెట్టుకోవడానికి ఒక అర, ఈ నాలుగూ ఒకే గదిలో ఉండబట్టి ఆ రేడియో పలికింది. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా అది అటక మీదే ఉండిపోయేది, నేనూ ఇంకేదో పనిలో ఉండిపోయేవాణ్ని.

ఇలాంటి గదులు ఇప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల వెలిశాయి. మేకర్‌స్పేస్ అంటున్నారు, ఫ్యాబ్ ల్యాబ్ అంటున్నారు. నేను పనిబల్ల అంటాను. 1998లో అమెరికాలోని ఎంఐటీలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు, దాదాపు ఏ వస్తువునైనా తయారుచేయడం ఎలాగో నేర్పే ఒక కోర్సు పెట్టారు. పదిమంది పరిశోధక విద్యార్థులు వస్తారనుకుంటే వందమంది దాకా వచ్చి పడ్డారు. వాళ్లలో ఇంజినీరింగుతో ఏ సంబంధమూ లేనివాళ్లు ఎందరో. ఫ్యాక్టరీ పెట్టాలని రాలేదు వాళ్లు. తమకు కావలసిన ఒక్క వస్తువు, బజారులో దొరకనిది, తమ చేత్తో చేసుకుందామని వచ్చారు. ఆ తరగతి అనుభవంలోంచి ఫ్యాబ్ ల్యాబ్ పుట్టింది. ఎంఐటీ బయట మొట్టమొదటి ల్యాబుల్లో ఒకటి 2002లో మన దేశంలోనే, పుణె జిల్లా పాబల్ గ్రామంలో ఏర్పడింది. అక్కడి విజ్ఞాన్ ఆశ్రమాన్ని డాక్టర్ కల్బాగ్ 1983లో మొదలుపెట్టారు. హిందూస్థాన్ లీవర్‌లో పరిశోధన ఉద్యోగం వదిలి వచ్చిన శాస్త్రవేత్త ఆయన. చదువు మానేసిన పల్లె పిల్లలకు పని చేయిస్తూ చదువు చెప్పాలన్నది ఆయన పట్టుదల. ల్యాబు అక్కడికి వచ్చేనాటికే ఆ ఊళ్లో పిల్లల చేతులు దాదాపు ఇరవై ఏళ్లుగా పనిలో ఉన్నాయి. కొత్త యంత్రాలు పాత అలవాటులోకి వచ్చి చేరాయి. అందుకే నిలిచింది అంటాను నేను.

గ్రంథాలయంలోకి ఈ బల్ల వచ్చింది ఇంకొంచెం ఆలస్యంగా. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలో ఫాయెట్‌విల్ అనే చిన్న ఊరి ఉచిత గ్రంథాలయం, లైబ్రరీ సైన్సు చదువుతున్న ఒక అమ్మాయి ఆలోచన విని, త్రీడీ ప్రింటరు తెచ్చి పెట్టింది. అమెరికా పబ్లిక్ లైబ్రరీల్లో అదే మొదటిదని చెబుతారు. 2018 డిసెంబరు 5న, ఫిన్లాండు స్వాతంత్ర్య దినానికి ఒకరోజు ముందు, హెల్సింకీలో పార్లమెంటు భవనానికి ఎదురుగా ఓడి అనే కేంద్ర గ్రంథాలయం తెరిచారు. అక్కడ పుస్తకాలు పై అంతస్తులో ఉంటాయి. దాని కింది అంతస్తులో త్రీడీ ప్రింటర్లు, లేజర్ కట్టర్లతో పాటు వరసగా కుట్టుమిషన్లు. ఆ కుట్టుమిషన్ల మాట విన్నప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. పండక్కి మనవరాలి గౌను కుట్టుకునే అవ్వ, రోబో చేసే కుర్రాడు పక్కపక్కన కూర్చునే చోటు, దేశపు చట్టసభ ఎదుట!

ఇక్కడికి ఇవి రావడానికి మనకేం అడ్డు? మన గ్రంథాలయ ఉద్యమం చరిత్ర చూస్తే అడ్డేమీ లేదనిపిస్తుంది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య గారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని కూడగట్టినప్పుడు ఊళ్లలో చదవడం వచ్చినవాళ్లే తక్కువ. ముందు చదువు రానీ, తరవాత పుస్తకాలు పెడదాం అనుకోలేదు ఆ తరం. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. ప్రయాణం చేసేవాడికి చదవడానికి తీరిక ఉంటుంది, కాబట్టి పుస్తకం పడవెక్కాలి. ఎంత సూటిగా ఆలోచించారో చూడండి. మనిషి ఎక్కడ ఉన్నాడు, అతని చేతులు ఎప్పుడు ఖాళీగా ఉంటాయి అన్నదే లెక్క.

గ్రంథాలయ శాస్త్రానికి రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రాలు రాశారు. పుస్తకం ఉన్నది దాచడానికి కాక వాడటానికని అందులో మొదటిది. దాన్ని వివరిస్తూ ఆయన యూరపులో ఒకప్పుడు పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టేసిన సంగతి చెబుతారు. లైబ్రరీ సైన్సు చదివినవాళ్లందరికీ తెలిసిన కథే ఇది. నేను ముప్పై ఒక్క ఏళ్లు ఐటీఐ వర్క్‌షాపులో పని చేశాను. సాయంత్రం అయిదు కొట్టగానే లేత్ మిషన్ల మీద గుడ్డ కప్పి, షట్టరు దించి, తాళం వేసి ఇంటికి వెళ్లేవాణ్ని. ఊళ్లో వడ్రంగికి, మోటారు మెకానిక్‌కి, నేతగాడికి తీరిక దొరికేది సరిగ్గా ఆ అయిదు తరవాతే. ఆ తాళం నేనే వేశాను. ఇప్పుడు తలుచుకుంటే అదీ గొలుసే అనిపిస్తుంది. కేంద్రం 2016 నుంచి బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు పెట్టించింది. దేశం మొత్తం మీద పదివేల బడులకు అందాయి. మంచి పని. నేను చూసిన కొన్ని బడుల్లో మాత్రం సామాను పోతుందన్న భయంతో పెట్టెలు విప్పలేదు. ఆ ప్రధానోపాధ్యాయుల మీద నాకు కోపం లేదు. పోతే జవాబు చెప్పాల్సింది వాళ్లే. విరగ్గొట్టే హక్కు ఎవరికీ ఇవ్వకుండా వస్తువు కొనిపెట్టడంలో ఉంది తప్పు. కొత్త ఆకురాయి అరుగుతుంది, డ్రిల్లు బిట్టు విరుగుతుంది, మొదటి నమూనా పాడవుతుంది. ఆ ఖర్చును ఎవరో ఒకరు భరించకపోతే చేసే మనిషి ఒక్కడే భరించాలి.

అలా ఒక్కడే భరించిన మనిషి మన మధ్యనే ఉన్నారు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది, కాబట్టి కథ మీకు తెలుసు. నేను చెప్పదలచుకున్నది పని చేసే చేతి వైపు నుంచి. చిటికి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. ఒక కొస నుంచి దారం తీసుకుని, అర్ధచంద్రంలా పాతిన మేకులకు ఒక్కొక్కదానికి చుట్టి వెనక్కి రావాలి. ఒక్క చీరకు చెయ్యి అలా సుమారు 9,000 సార్లు ఆడాలి. ఆ పని ఆడవాళ్లది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. భుజం పట్టేస్తుంది, మోచెయ్యి వాస్తుంది. తల్లి లక్ష్మి గారి చేతిని చూడలేక ఆరో తరగతితో బడి మానేసిన ఆ కుర్రాడు 1992లో యంత్రం మొదలుపెట్టారు. 1999కి పూర్తి అయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది.

మధ్యలో ఏడేళ్లు. ఆ ఏడేళ్లు నన్ను నిలవనియ్యవు. కొయ్యతో ఒకటి, ఇనుముతో ఒకటి, ఒక భాగం కుదిరితే ఇంకోటి కుదరదు. అప్పులు, ఊళ్లో ఎగతాళి. చివరికి హైదరాబాదు చేరి కరెంటు పని చేసుకుంటూ బతికారు. అప్పుడు బాలానగర్‌లో ఒక పనికి వెళ్లినచోట ఒక యంత్రం కంటబడింది. తనకు కావలసిన కదలిక అందులో ఉంది. అక్కడ ముడి వీడింది. ఆయన తెలివికి, ఓర్పుకు చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఆ యంత్రం కంటబడకపోతే? ఆ రోజు కరెంటు పని ఇంకో వీధిలో పడి ఉంటే? ఆలేరు గ్రంథాలయంలో ఒక గది, రకరకాల కదలికలున్న పాత యంత్రాలు నాలుగు, టర్నర్ పని తెలిసిన రిటైరైన మనిషి ఒకడు ఉండి ఉంటే లక్ష్మి గారి భుజం ఎన్నేళ్ల ముందు చల్లబడేదో అని ఆ సినిమా చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మల్లేశం గారు తట్టుకున్నారు కాబట్టి మనకు తెలిశారు. రెండో ఏడులోనో మూడో ఏడులోనో వదిలేసినవాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్ల సగం యంత్రాలు పాత ఇనప సామానువాడి తక్కెడలో తూగాయి.

2023 మార్చిలో హైదరాబాదు రాయదుర్గంలో టీ-వర్క్స్ తెరిచారు. 78,000 చదరపు అడుగులు, నమూనాలు తయారుచేసే కేంద్రాల్లో దేశంలోకెల్లా పెద్దది. వెళ్లి చూసి వచ్చాను. నా వయసువాడికి అది తిరపతి కొండంత. ఉండాల్సిందే. జిల్లా ఆసుపత్రి ఉందని ఊళ్లో నర్సమ్మను వద్దనుకోం కదా, నేను అడిగేది ఆ నర్సమ్మను.

దీనికి డబ్బు ఎక్కడిది అంటారు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మనం కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం నుంచి వస్తున్న ఏర్పాటు ఇది. అంటే ఈ గది మనం ముందే డబ్బు కట్టిన గది. ఆ పన్ను వసూలు చేసిన చోటే ఆగకుండా గ్రంథాలయాలకు చేరాలని గ్రంథాలయ సంస్థలవాళ్లు ఎన్నేళ్లుగా అడుగుతున్నారో ఇక్కడున్న గ్రంథపాలకులకు తెలుసు. ఆ గొంతుకు మన గొంతు కలపాలి.

ఆ డబ్బుతో ముందు ఏం కొనాలన్నది ఇంకో మాట. త్రీడీ ప్రింటరు అని పిల్లలు గంతులేస్తారు. నాకూ ఇష్టమే. ప్లాస్టిక్ తీగను రెండు వందల డిగ్రీల దగ్గర కరిగించి, పొర మీద పొర పరుస్తుంటే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది. 2005లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఎడ్రియన్ బోయర్ ఆ యంత్రాన్ని ఎవరైనా చేసుకునేలా డిజైన్లు బయట పెట్టే పనికి పూనుకున్నారు. 2009లో ఆ పద్ధతి మీది ముఖ్యమైన పేటెంటు గడువు తీరింది. అక్కడి నుంచే దాని ధర సామాన్యుడికి అందుబాటులోకి దిగింది. 2020లో కరోనా ముంచుకొచ్చినప్పుడు ముంబైలోని మేకర్స్ అసైలమ్ అనే మేకర్‌స్పేస్ ముఖకవచం డిజైను తయారుచేసి అందరికీ ఇస్తే, దేశంలో ఊరూరా ఇలాంటి బల్లల మీద 49 రోజుల్లో పదిలక్షలు తయారయ్యాయి. పుస్తకం చేతులు మారినట్టు డిజైను చేతులు మారింది. అయినా నన్నడిగితే ముందు గట్టి బల్ల, దానికొక బెంచి వైసు, రంపం, డ్రిల్లు, రెండు కుట్టుమిషన్లు. అన్నిటికన్నా ముందు మనిషి. వారానికి మూడు సాయంత్రాలు కూర్చుని, పమిట చెంగు దోపుకోమని, కళ్లద్దాలు పెట్టుకోమని, లక్క గీకావా అని అడిగే మనిషి. ఆ మనిషికి గౌరవమైన జీతం. సేవ పేరు చెప్పి ఆ జీతం ఎగ్గొట్టిన చోటల్లా, యంత్రాలు దుమ్ము పట్టడం నేను చూశాను.

ఇక మన బల్ల సంగతి. రెండేళ్ల కిందట మేం రిటైరైన నలుగురం గ్రంథపాలకురాలి అనుమతితో ఈ వెనక వరండాలో ఆదివారాలు బల్ల వేశాం. పేపర్లు చదివేవాళ్లు వెళ్లిపోయాక, మధ్యాహ్నం మూడు నుంచి. మొదటి నెల ఎవరూ రాలేదు. తరవాత మిక్సీలు, ఫ్యాన్లు వచ్చాయి. ఓ ఆదివారం ఒకామె బొటనవేలికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. మొక్కజొన్న కంకులు ఒలిచి ఒలిచి వేలు పొక్కింది. విత్తనానికి, ఇంటికి, కోళ్లకు దాచుకునే కంకులను మిషనుకు వేయరు, చేత్తోనే ఒలుస్తారు. "అన్నయ్యా, గింజ ఒలిచేదానికి చిన్నదేమైనా చేసిపెడతారా" అంది. చేసిపెట్టం, కలిసి చేద్దాం రమ్మన్నాం.

గొట్టంలో లోపలి వైపు నాలుగు రెక్కలు పెట్టి, కంకిని అందులో దూర్చి తిప్పితే గింజ రాలే సాధనం ఒకటి ఉంది. వ్యవసాయ శాఖవాళ్ల దగ్గర ఎప్పుడో చూశాను. మొదట అట్టతో చేశాం, కొలత కోసం. కంకి మొదట్లో లావు, చివర సన్నం అన్న సంగతి అప్పటిదాకా మా బుర్రకు తట్టలేదు. ఆమె నవ్వి, సంచిలోంచి రకరకాల కంకులు తీసి వరసగా పేర్చింది. రెండోది పీవీసీ గొట్టంలో చెక్క రెక్కలతో. రెక్కలు ఎత్తు ఎక్కువై కంకి ఇరుక్కుంది, బెండు విరిగింది, గింజ నలిగింది. విత్తనానికి నలిగిన గింజ పనికిరాదు. మూడోది జీఐ పైపు ముక్క. రెక్కల్ని ఒక వైపు ఎత్తుగా, రెండో వైపుకు వచ్చేసరికి తగ్గేలా ఏటవాలుగా కోసి వెల్డింగ్ చేశాం, అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాం. ఏటవాలు అన్నది ఆమె మాట. మా నలుగురి సర్వీసు కలిపితే నూట పాతికేళ్లు దాటుతుంది, మాకెవరికీ తోచలేదు.

పాడైన మొదటి రెండూ పారేయలేదు. మాస్టారి ఇనప బీరువా ఇంకా ఉంది, కింది అర మళ్లీ ఖాళీ చేశాం. అట్టముక్క కొత్తది, రాతను గ్రంథపాలకురాలితో రాయించాం. ఆ రెండింటినీ చూసే కిందటి నెల ఇంకో ఊరి కుర్రాడు వేరుశనక్కాయల మాట ఎత్తాడు. మూడోదాన్ని ఆమె రిజిస్టరులో సంతకం పెట్టి పట్టుకెళ్లింది. గ్రంథకర్త గడిలో ఏం రాయాలని గ్రంథపాలకురాలు అడిగితే ఆమె పేరే రాయమన్నాం. పదిహేను రోజులకు తిరిగి తెచ్చింది. సన్నకంకి జారిపోతోందట, పట్టుకునేచోట చెయ్యి చెమటకు నిలవడం లేదట.

నాలుగోది నిన్న రాత్రి పూర్తయింది. పైన సైకిలు ట్యూబు ముక్క తొడిగాం. సభ అయ్యాక వరండాలో బల్ల దగ్గరికి రండి, పక్కన బుట్టలో కంకులు పెట్టి ఉంచాం. తలా ఒకటి ఒలిచి చూడండి. చెయ్యి ఎక్కడ నొప్పి పెడుతోందో, గింజ ఎక్కడ నలుగుతోందో చెప్పండి. రిజిస్టరు అక్కడే ఉంది, పెన్ను దారానికి కట్టి ఉంది.